గాలివానను చూచు నాళిక
మాగ్నెట్రాన్ తొలుత పుట్టినది ఎందులకు? నేడు మన తీరమునకు చేయుచున్న మేలు ఏమి?

ఉద్దానము పేరు వినగానే కొబ్బరితోటలు, జీడిమామిడి తోపులు, పనసచెట్ల నీడలు మన కన్నులకు కట్టును. పలాసకు తూర్పుగా వజ్రపుకొత్తూరు మొదలుకొని మందస, సోంపేట, కంచిలి, కవిటిల మీదుగా ఇచ్ఛాపురము వరకు సాగిన ఈ తీరభూమిని చూచిన పెద్దలు, ఉద్యానము అను మాటయే ఉద్దానమైనదని చెప్పుదురు. ఆ పేరు దానికి తగియే యున్నది. అయితే తోటను పెంచిన సముద్రపు గాలియే ఒక్కొక్కప్పుడు తోటను కూల్చివేయును. 2018వ సంవత్సరము అక్టోబరు 11వ తేదీ తెల్లవారుజామున, 4-30 గంటలకును 5-30 గంటలకును నడుమ, 'తిత్లీ' అను తుపాను పలాస సమీపమున తీరము దాటెను. గాలి గంటకు 140 మొదలు 150 కిలోమీటర్ల వేగమున వీచుచు, విసురు విసురునకు 165 కిలోమీటర్ల వరకు పోయెను. తెల్లవారి చూచువేళకు వేలకొలది కొబ్బరిచెట్లు నేలపై పడియున్నవి. తిత్లీ అనగా సీతాకోకచిలుక. పేరులో నున్న సుకుమారము దాని గాలిలో లేకపోయెను.

కాని ఒక సంగతి మనము మరువరాదు. ఆ గాలివాన చెప్పకుండ వచ్చినది కాదు. అక్టోబరు 8న అది వాయుగుండము, 9న తుపాను, 10న అతి తీవ్ర తుపాను. ఈ పెరుగుదల యంతయు దినదినమును కనిపెట్టి, ఎటు వచ్చుచున్నదో వాతావరణశాఖవారు తెలుపుచునే యుండిరి. మన తాతల కాలమున ఇట్టి అవకాశము లేదు. ఆకాశమున మబ్బు రంగును, అలల పోకను, పక్షుల తీరును చూచి ఊహించుకొనుటయే వారికి గతి. చీకటిలో, వానలో, వందల కిలోమీటర్ల దూరమున సముద్రము మీద నున్న గాలివానను విశాఖపట్నమున కూర్చున్నవారు ఎట్లు చూడగలిగిరి? ఈ ప్రశ్నకు సమాధానమున అనేక సాధనముల పేర్లు చెప్పవలసియుండును. వానిలో ఒకటి మాగ్నెట్రాన్ అను శూన్యనాళిక. దానిని మొదట కనిపెట్టినవారు గాలివానను గూర్చి కలనైనను తలపలేదు. ఆ వింత కథనే ఈ పాఠమున చెప్పదలచితిమి.

వాల్వు అనగా నేమి?

పంచాయతీ కార్యాలయమునందో, గ్రంథాలయమునందో ఒకప్పుడుండిన పాత రేడియో పెట్టెను వెనుకనుండి చూచినవారికి, లోపల ఎఱ్ఱగా మెరయు గాజుబుడ్లు జ్ఞాపకముండును. వానినే వాల్వులందురు. గాజుబుడ్డిలోని గాలినంతయు తీసివైచి మూతి మూసినందున వీనికి శూన్యనాళికలని పేరు. లోపల ఒక తీగ వేడెక్కును. వేడెక్కిన తీగనుండి ఎలక్ట్రానులు అను అతి సూక్ష్మమైన విద్యుత్కణములు ఆవిరివలె వెలువడును. ఎదుట నున్న లోహపు రేకునకు ధనవిద్యుత్తు నిచ్చినచో, ఆ కణములు దానివైపు పరుగెత్తును. ఈ పరుగే విద్యుత్ప్రవాహము.

1904లో ఆంగ్లేయుడైన ఫ్లెమింగు ఇట్టి రెండు ధ్రువముల వాల్వును చేసెను. కొలది సంవత్సరములకు అమెరికాలో లీ డి ఫారెస్టు అనునతడు తీగకును రేకునకును నడుమ మూడవదానిని, అనగా సన్నని తీగల జల్లెడవంటి దానిని అమర్చెను. అది వాల్వుల చరిత్రనే మార్చివైచినది. పొలమునకు పారు కాలువను తలచుకొనుడు. నీటికి అడ్డముగా తూముతలుపు పెట్టినచో, చేతితో కొంచెము కదలించి ఎంతో నీటిని హెచ్చింపవచ్చును, తగ్గింపవచ్చును. జల్లెడ చేయు పని అదియే. దానికి అందిన చిన్న విద్యుత్తు మార్పు, నాళికలోని పెద్ద ప్రవాహమును ఆడించును. దూరమునుండి వచ్చిన బలహీనమైన రేడియో ధ్వని గట్టిగా వినబడుటకు ఈ తూముతలుపే కారణము.

మాగ్నెట్రాన్ మొదటి ప్రయోజనము

కాలువ దేవుడిచ్చినదైనను తూము ఒకనిది కావచ్చును. డి ఫారెస్టు జల్లెడకు పేటెంటు హక్కు పొందెను. 1913లో ఆ హక్కులు అమెరికాలోని పెద్ద టెలిఫోను కంపెనీ చేతికి పోయినవి. దీపములను, విద్యుద్యంత్రములను చేయు జనరల్ ఎలక్ట్రిక్ కంపెనీ వారికి వాల్వులు కావలసియుండెను; జల్లెడ మాత్రము పొరుగువారి సొత్తు. పొరుగువాని తూము ముట్టకుండ నీటిని మళ్ళించుకొను ఉపాయమేమైన కలదా యని వారి పరిశోధనాలయము ఆలోచింపసాగెను.

ఆ పనికి పూనుకొన్నవాడు ఆల్బర్టు హల్. ఈయన చిత్రమైన మనిషి. కళాశాలలో గ్రీకు భాషను ప్రధానముగా చదివి, కొంతకాలము పరభాషలు బోధించి, పిమ్మట భౌతికశాస్త్రమునకు మరలి, 1914లో షెనెక్టడీ పట్టణమునందలి ఆ పరిశోధనాలయమున చేరెను. ఆయన ఉపాయమిది: నాళిక లోపల జల్లెడ యొద్దు, వెలుపలనుండి అయస్కాంతముతో ప్రవాహమును ఆపుదము.

ఆయన చేసిన నాళిక మిక్కిలి సరళమైనది. నడుమ నిలువుగా ఒక వేడితీగ. దానిచుట్టు గొట్టమువంటి లోహపు రేకు. గాజుబుడ్డి వెలుపల ఒక తీగచుట్ట. చుట్టలో విద్యుత్తు ప్రవహింపజేసినచో అది అయస్కాంతమగును. అయస్కాంతము లేనప్పుడు ఎలక్ట్రానులు నడుమనుండి గొట్టమువైపునకు తిన్నగా పోవును. అయస్కాంతబలము వానిని ఎదురుగా నిలువరింపదు, ప్రక్కకు లాగును. కళ్ళమున పశువు ముందుకు పోవలెనని చూచునప్పుడు పలుపుతాడు ప్రక్కకు లాగగా అది రాట చుట్టు తిరుగును గదా! అట్లే ఎలక్ట్రాను దారియు వంకర పోవును. బలము పెంచినకొలది వంపు ఎక్కువగును. ఒక హద్దు దాటగానే ఎలక్ట్రానులు గొట్టమును తాకకయే మరల నడుమకు తిరిగివచ్చును. అంతటితో ప్రవాహము ఆగిపోవును. తూము లేకయే కాలువ మూతపడినట్లు!

1921లో హల్ దీని సిద్ధాంతమును ప్రకటించెను. అయస్కాంతముతో పనిచేయునది గనుక మాగ్నెట్రాన్ అని పేరు పెట్టెను. కావున ఈ నాళికకు తొలుత ఉద్దేశింపబడిన పని సూక్ష్మతరంగములను పుట్టించుట కాదు, రాడారు కాదు, వంట అంతకన్న కాదు. విద్యుత్ప్రవాహమును అదుపు చేయుటయే. జల్లెడ వాల్వుకు బదులు నిలుచుటయే.

అయితే ఈలోపుననే కంచె తొలగిపోయినది. 1920లో ఆ కంపెనీలు తమ పేటెంట్లను ఒకరివి మరియొకరు వాడుకొనునట్లు ఒప్పందము చేసికొన్నవి. జల్లెడ వాల్వు అందరికి అందుబాటులోనికి వచ్చెను. అయస్కాంతము చుట్ట మోయవలసిన హల్ నాళికతో అంత అవసరము లేకపోయెను. పని వెదకుకొను పనిముట్టువలె అది బల్లమీద నిలిచిపోయినది.

పుట్టిన పని వేరు, దొరికిన పని వేరు

శాస్త్రజ్ఞులు ఒక వింతను గమనించిరి. ప్రవాహము ఆగుటకు సరిగా ఆ హద్దువద్ద, నాళికలో విద్యుత్తు తనంతట తాను మిక్కిలి వేగముగా ఊగులాడుచున్నది. ఊగులాడు విద్యుత్తునుండి రేడియో తరంగములు పుట్టును. 1924లో ప్రాగ్ నగరమున జాచెక్ అను ఆచార్యుడును, జర్మనీలోని యేనా పట్టణమున హాబన్ అను యువకుడును ఒకరి సంగతి ఒకరికి తెలియకుండనే దీనిని కనుగొనిరి. జాచెక్ పుట్టించిన తరంగము పొడవు 29 సెంటీమీటర్లు మాత్రమే. ఆనాటి ప్రసారకేంద్రముల తరంగములు వందల మీటర్ల పొడవు గలవని తలచినచో ఇదెంత పొట్టిదో తెలియగలదు. 1920 తరువాతి దశకము ముగియకముందే జపానులో ఒకాబె అను శాస్త్రజ్ఞుడు లోహపు గొట్టమును రెండుగా చీల్చి ఇంకను బాగుగా పనిచేయించెను. కాని ఈ నాళికలలో పుట్టు శక్తి స్వల్పము. ప్రయోగశాల దాటి లోకమునకు వచ్చుటకు అది చాలలేదు.

లోకమునకు వచ్చుటకు కారణము యుద్ధము. శత్రువిమానము లెంత దూరమున నున్నవో కనుగొనుటకు ఆంగ్లేయులు తమ తీరము పొడవున రాడారు స్తంభములు నిలిపిరి. రాడారు సూత్రము మనకు క్రొత్తది కాదు. కొండ నెదుట నిలిచి కేక వేసినచో, కొంతసేపటికి అది మరల వినబడును. కేకకును మారుకేకకును నడిమి కాలమును బట్టి కొండ దూరము చెప్పవచ్చును. రాడారు కంఠధ్వనికి బదులు రేడియో తరంగమును విసరి, దాని మారుకేకను వినును. ఆ తొలి స్తంభముల తరంగము పొడవు పది మీటర్లకు పైమాట. అట్టి తరంగమును ఒకేదిక్కునకు సన్నని కిరణముగా పంపవలెనన్న, తరంగమునకు అనేకరెట్లు పెద్దదైన ఏరియలు కావలెను. 110 మీటర్ల ఎత్తు స్తంభములు నిలిపినను కిరణము వెడల్పుగనే యుండెను. విమానములోనో, ఓడమీదనో అట్టివానిని ఎట్లు మోయుదురు? తరంగము 10 సెంటీమీటర్లయినచో కొలది మీటర్ల పళ్ళెరము చాలును. కావలసినది పొట్టి తరంగమును, పెద్ద శక్తియును. ఈ రెండును ఒకచోట దొరకుట లేదు.

1940 ఫిబ్రవరి 21వ తేదీన బర్మింగుహామ్ విశ్వవిద్యాలయమున రాండల్, బూట్ అను ఇరువురు ఆ చిక్కు విప్పిరి. వారు ఒక రాగిదిమ్మెకు నడుమ పెద్ద రంధ్రమును, దానిచుట్టు దానిలోనికి తెరచుకొను చిన్న గుహలను తొలిచిరి. నడుమ వేడితీగ, పైనను క్రిందను బలమైన అయస్కాంతము. ఖాళీసీసా మూతివద్ద ఊదినచో సీసా పరిమాణమునకు తగిన స్వరము మ్రోగుట పిల్లలందరు ఎరుగుదురు. రాగిదిమ్మెలోని ప్రతి గుహయు అట్టి సీసాయే. ఊదునది మాత్రము గాలి కాదు, ఎలక్ట్రానుల ప్రవాహము. తిరుగుచున్న ఎలక్ట్రానులు బండిచక్రపు ఆకులవలె గుంపులు కట్టి, గుహల ముందునుండి పోవుచు, ఉయ్యెలను తూగుకు సరిగా తోసినట్లు ప్రతి గుహలోని విద్యుత్తును తోయును. అంతట 10 సెంటీమీటర్లకు కొంచెము లోపు పొడవు గల తరంగము, 400 వాట్ల శక్తితో వెలువడెను. కొలది మాసములలో ఆ శక్తి వేల వాట్లకు పెరిగెను. అదే సంవత్సరము సెప్టెంబరులో ఒక బృందము దానిని పెట్టెలో పెట్టుకొని అమెరికాకు తీసికొనిపోయి చూపెను. ఇట్టి గుహల నాళికను సోవియట్ దేశమునను, జర్మనీలోను కూడ అంతకుముందే కొందరు ఊహించియుండిరి. అయినను, పనిలోనికి దిగి యుద్ధగతిని మార్చినది బర్మింగుహామ్ నాళికయే.

హల్ నాళికలోని వేడితీగ, చుట్టు లోహము, అయస్కాంతము - ఈ మూడును ఇందులోను ఉన్నవి. పేరును అదియే. పని మాత్రము తలక్రిందులైనది. హల్ తన నాళికను ప్రవాహము ఆపుటకు చేసెను; వీరు ఆగబోవు ప్రవాహమునుండియే శక్తిని పిండిరి.

చీడయనుకొన్నది పంటయైనది

యుద్ధకాలపు రాడారు తెరలమీద విమానములతోపాటు మబ్బుమబ్బుగా మచ్చలు కనబడుచుండెను. అవి వానజల్లులు. శత్రువును వెదకువారికి అవి కంటిలో నలుసు. 1944 డిసెంబరు 18న ఫిలిప్పీను సముద్రమున అమెరికా నౌకాదళము ఒక మహాతుపానులో చిక్కి మూడు యుద్ధనౌకలను, దాదాపు 790 మంది నావికులను కోల్పోయెను. ఆ తుపాను ఆకారము, నడుమ దాని కన్నుతో సహా, ఓడ రాడారు తెరపై స్పష్టముగా కనబడెను. చీడయనుకొన్నదే పంటయని వాతావరణశాస్త్రజ్ఞులు గుర్తించిరి. యుద్ధానంతరము రాడారులు వానను చూచుటకే ప్రత్యేకముగా నిర్మింపబడినవి.

వానచినుకునుండి వచ్చు మారుకేకకు ఒక లెక్క గలదు. చినుకు అడ్డుకొలత రెట్టింపైనచో మారుకేక రెండింతలు కాదు, 64 రెట్లు హెచ్చును. అందుచేత తుంపర కంటె పెద్దచినుకుల జడివాన రాడారుకు ప్రకాశముగా కనబడును. తుపాను కన్నుచుట్టు కోటగోడవలె నిలుచు మేఘములలో జడివాన యుండును, కన్నులో నుండదు. కావున తెరపై వెలుగుటుంగరము నడుమ నల్లచుక్క వలె కన్ను కనబడును. మఱి 10 సెంటీమీటర్ల తరంగమే ఏల? 3 సెంటీమీటర్ల తరంగము చినుకులకు ఇంకను బాగుగా స్పందించును. కాని ముందున్న జడివానయే దానిని త్రాగివేయుటచే వెనుక నున్నది కనబడకపోవును. తుపానును ఆవలి అంచువరకు చూడవలెనన్న 10 సెంటీమీటర్లదే మేలు. బర్మింగుహామ్ నాళిక ఇచ్చినదియు దాదాపు అదియే.

విశాఖపట్నమునుండి ఉద్దానము వరకు

భారతదేశమున తుపానులను కనిపెట్టుటకు నెలకొల్పిన మొదటి రాడారు మన తెలుగు తీరముననే, 1970లో విశాఖపట్నమున వెలసినది. ఇట్టి రాడారు సెకనులో కొన్ని లక్షలవ వంతు కాలము మాత్రమే తరంగమును విసరును. ఆ క్షణమున శక్తి లక్షల వాట్లుండును. పిమ్మట మౌనము వహించి మారుకేకకై చెవియొగ్గును. విశాఖనుండి పలాస ఆకాశమార్గమున సుమారు 170 కిలోమీటర్లు. తరంగము సెకనుకు 3 లక్షల కిలోమీటర్లు పోవును గనుక, పలాస మీది వానను తాకి తిరిగివచ్చుటకు సెకనులో వెయ్యవ వంతుకు కొంచెము ఎక్కువ కాలము చాలును.

ఇక రాడారుకు గల హద్దును గూర్చియు చెప్పవలెను. భూమి గుండ్రనిది, కిరణము దాదాపు తిన్ననిది. కావున దూరము పోయినకొలది కిరణము నేలకు పైకి లేచిపోవును. నేలకు సమానముగా బయలుదేరిన కిరణము పలాసకు చేరునప్పటికి సుమారు 1,700 మీటర్ల ఎత్తున నుండును. 400 కిలోమీటర్ల దూరమున అది 9 కిలోమీటర్లు దాటును. తుపాను కోటగోడ మేఘములు అంతకు మించి ఎత్తు పెరుగును గనుక ఆ దూరమున తలలు మాత్రము కనబడును. అంతకు మించి దూరమైన దాదాపు ఏమియు కనబడదు. అందుచేతనే నడిసముద్రమున తుపాను నుండగా ఉపగ్రహములు చూచును. తీరము 400 కిలోమీటర్లలోనికి వచ్చినపిమ్మట రాడారు అందుకొనును. అది అందుకొనినప్పటినుండి తుపానుకు తీరము చేరుటకు మిగిలినది ఒకదినమో, ఇంకను తక్కువయో!

ఆ చివరి గంటలలో కన్ను ఎచ్చట తీరము దాటునో చెప్పుట ఎంత ముఖ్యమో టెక్కలి, పలాసలను బట్టి తెలిసికొనవచ్చును. ఈ రెంటికి నడుమ తిన్నగా 26 కిలోమీటర్ల దూరము. మన తుపానులలో గాలి గడియారపు ముల్లునకు ఎదురుదిక్కుగా తిరుగును. తుపాను ఆగ్నేయమునుండి వచ్చి పలాసవద్ద తీరము దాటినచో, దానికి కుడివైపుననున్న సోంపేట, కవిటి ప్రాంతములకు గాలి సముద్రమునుండి భూమిమీదికి వీచి, ఉప్పెనను తోసుకొని వచ్చును. ఎడమవైపుననున్న టెక్కలి, నౌపడలకు గాలి భూమినుండి సముద్రము వైపునకు వీచును. అచ్చట భయము ఉప్పెనకంటె గాలికిని వరదకును ఎక్కువ. అదే తుపాను 30 కిలోమీటర్లు దక్షిణముగా దాటినచో నౌపడ ఉప్పుకొఠారుల వైపును సముద్రము పొంగు ప్రమాదము రాగలదు. ఒక్క 30 కిలోమీటర్ల తేడాలో ఏ గ్రామమును ఖాళీచేయవలెనో మారిపోవును.

విశాఖ రాడారు స్థానమున పిమ్మట డాప్లరు రాడారు వచ్చినది. ఇది వాన ఎచ్చట కలదో చూపుటయే గాక, రాడారు వైపునకు ఎంత వేగముతో వచ్చుచున్నదో, ఎంత వేగముతో తొలగుచున్నదో కూడ చెప్పును. మన తీరమున మొదట నెలకొల్పిన డాప్లరు రాడారులలో మాగ్నెట్రానుకు బదులు క్లైస్ట్రాన్ అను మరియొక శూన్యనాళికను వాడిరి. కారణమిది: మాగ్నెట్రాన్ వేయు ప్రతి కేకయు తనకు తోచినచోట మొదలగును, వేగము కొలుచుటకు ఒక కేక మరియొకదానితో తాళము తప్పకుండవలెను. క్లైస్ట్రాన్ తాళము తప్పదు. పాతనాళిక చేసిన పనిని క్రొత్తది అందుకొనుట సహజమే. అయినను వాన కనిపించు రాడారు తరమునకు దారితీసినది మాగ్నెట్రానే.

యంత్రము చూచును, నడువవలసినవారము మనము

కేవలము రాడారున్నంతనే ప్రాణములు దక్కవు. విశాఖపట్నమున రాడారు వెలసిన ఏడు సంవత్సరములకు, 1977 నవంబరు 19న, దివిసీమలో ఉప్పెన వచ్చి దాదాపు 10,000 మందిని పొట్టనబెట్టుకొనెను. తుపాను వచ్చుచున్నదని తెలియుట ఒకయెత్తు. ఆ మాట చివరి గుడిసెవరకు చేరుట, విన్నవారు నమ్ముట, కదలుటకు దారియు దాగుటకు గట్టి కప్పును ఉండుట మరియొకయెత్తు. దివిసీమ అనంతరము తీరమున తుపాను ఆశ్రయభవనములు లేచినవి. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను మన పొరుగుననే గోపాలపురమువద్ద దాటినప్పుడు, ముందుగనే లక్షలమందిని కదలించినందున, అంతటి గాలికిని ప్రాణనష్టము మిక్కిలి తగ్గినది.

కావున హెచ్చరికల భాష ప్రతి గ్రామస్థునకు తెలిసియుండవలెను. తీరమున చెడువాతావరణము మొదలగుటకు 48 గంటల ముందుగా తుపాను జాగ్రత్త సూచన పసుపురంగుతోను, 24 గంటల ముందుగా తుపాను హెచ్చరిక నారింజరంగుతోను వెలువడును. తీరము దాటుటకు 12 గంటల ముందు ఎఱుపురంగు ప్రకటన వచ్చును. అప్పటికి ప్రయాణమునకు సమయము మించిపోయియుండవచ్చును గనుక, తీరపు పల్లెలవారు పసుపురంగునాడే పత్రములు, మందులు, ఎండుతిండి మూటగట్టుకొనవలెను. కళింగపట్నమువంటి రేవులలో ఎగురవేయు సంఖ్యాసూచికలు 1 నుండి 11 వరకు. 10వది మహాప్రమాద సూచిక. 11వది వార్తా సంబంధములు తెగిపోయినవని తెలుపును. సంబంధములు తెగినచో ఫోను పనిచేయదు, విద్యుత్తు పోవును. బ్యాటరీతో పనిచేయు చిన్నరేడియో ఒకటి ఇంటనుండుట నేటికిని వ్యర్థము కాదు.

మరియొక ముఖ్యమైన సంగతి. తుపాను కన్ను ఊరిమీదనుండి పోవునప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోవును. ఒక్కొక్కప్పుడు నక్షత్రములును కనబడును. గండము గడచినదని తలచి, పశువులను విప్పుటకో, పడవను చూచుటకో బయటికి పోవుదురు. అది తగదు. కొలదిసేపటికి కోటగోడ రెండవవైపు వచ్చును. గాలి ఎదురుదిక్కునుండి అంతే బలముతో కొట్టును. మొదటి గాలికి ఒకవైపు ఒరిగిన చెట్టు రెండవ గాలికి కూలును. కన్ను దాటినదని అధికారులు చెప్పువరకు కదలరాదు.

ఇంటింటి మాగ్నెట్రాన్

ఈ నాళికకు మూడవ జన్మ కూడ కలదు. 1945లో అమెరికాలో రాడారు నాళికలు చేయు కర్మాగారమున పెర్సీ స్పెన్సరు అనునతడు సూక్ష్మతరంగములతో ఆహారమును వేడిచేయవచ్చునని గ్రహించి పేటెంటుకు దరఖాస్తు చేసెను. నేడు పలాస, కాశీబుగ్గ, టెక్కలి పట్టణములలోని ఎన్నో ఇండ్లలో వాడు మైక్రోవేవ్ ఓవెన్లలో తరంగమును పుట్టించునది మాగ్నెట్రానే. దాని తరంగము పొడవు 12 సెంటీమీటర్లకు కొంచెము పైన. రాండల్, బూట్‌ల రాగిదిమ్మెకు అది మనుమరాలు.

ఇచ్చట మరమ్మతులు నేర్చుకొను యువకులకు ఒక హెచ్చరిక. పాడైన ఓవెన్‌లో అయస్కాంతములు, రాగితీగ దొరకునని దానిని విప్పువారు కలరు. అందులో 4,000 వోల్టుల వరకు ఎక్కు వలయము గలదు. ప్లగ్గు తీసివేసిన పిమ్మట కూడ లోపలి కండెన్సరు ప్రాణాంతకమైన విద్యుత్తును దాచుకొనియుండవచ్చును. తగిన శిక్షణ లేనివారు దాని మూత తీయరాదు. తలుపు చెడిన ఓవెన్‌ను ఏదో విధముగా నడుపుటయు అపాయకరమే.

ఈ పాఠమునుండి నేర్వదగినది

ఒక కంపెనీ మరియొక కంపెనీ హక్కును తప్పించుకొనుటకు చేసిన యత్నము మాగ్నెట్రాన్. ఆ అవసరము తీరకముందే తొలగిపోయినది. నాళిక మాత్రము మిగిలినది. ప్రాగ్, యేనా, జపాను, బర్మింగుహామ్‌లలో ఒకరు విడిచినచోట మరియొకరు అందుకొని, దానికి తగిన పనిని వెదకిరి. యుద్ధమునకు కన్నయినది, పిమ్మట మత్స్యకారునకు, రైతునకు కన్నయినది. ఏ జ్ఞానము ఎప్పుడు ఎవరికి అక్కరకు వచ్చునో ముందుగా చెప్పలేము. బడిలో పిల్లవాడు అయస్కాంతముతో ఆడుచు 'ఇది ఎందులకు?' అని అడిగినప్పుడు, 'ఎందులకును కాదు' అని కసరుకొనరాదు.

కొబ్బరిమొక్క నాటి కాపు చూచుటకు ఐదారు సంవత్సరములు పట్టును. 2018లో కూలిన చెట్టుకు మారుగా నాటినది ఎదుగుటకు రైతునకు ఓర్పు కావలసివచ్చినది. చెట్టును ఏ రాడారును కాపాడలేదు. కాని చెట్టు నాటువాడు బ్రతికియున్నచో తోట మరల లేచును. ఆ మనిషిని కాపాడుటకు గాలివానను దూరముననే చూచు కన్ను కావలెను. అది చెప్పిన మాట విని కదలు కాళ్ళును కావలెను. మొదటిదానిని శాస్త్రజ్ఞులు సిద్ధపరచిరి. రెండవది మన గ్రామముల చేతిలో నున్నది.